ఓడిపోయే బ్యాటు

ఇదిగో, షటిల్లో ఓడిపోయినప్పుడల్లా నేరం బ్యాటు గట్టింగ్ మీదికి, అంటే ఆ నరాల అల్లిక మీదికి, నెట్టేసే వీరుడా, ఆ బ్యాటు గోడకు ఆనించి ఇలా వచ్చి కూర్చో. గట్టింగ్‌ను నమ్ముకున్నవాళ్ళు నీకంటే ముందే ఈ జిల్లాలో ఉన్నారు. నవ్వడానికి తొందరపడకు. ఇందులో చావులు కూడా ఉన్నాయి.

ఎనభై ఆరులో, ఉగాదికి ముందు ఒక సోమవారం. ఆ ఉదయానికి రాధాకృష్ణమూర్తి వేసుకున్న పథకం చాలా మామూలుది. టిఫిను వేళకు మేనేజరు చేతిలో ఓడిపోవాలి. ఆఫీసు తెరిచాక పర్మనెంటు కాగితం మీద ఆయన సంతకం పెట్టించుకోవాలి. ప్రత్తిపాడు రోడ్డులోని మిరపకాయల కంపెనీలో మూర్తి ఏళ్ళ తరబడి టెంపరరీ గుమాస్తా. నెలాఖరులోగా సంతకం పడకపోతే ఇంటికి పొమ్మని గుంటూరు ఆఫీసు చెప్పేసింది.

మేనేజరు త్యాగరాజుగారు మద్రాసు నుంచి వచ్చారు. కంపెనీ ఆవరణలో పొగాకు దొరలు ఎప్పుడో కట్టించుకున్న స్క్వాష్ కోర్టు ఒకటి ఉంది. నాలుగు గోడల మధ్య నిలబడి ఇద్దరు మనుషులు రబ్బరు బంతిని గోడకేసి కొట్టుకునే గది అది. దొరలు పోయాక అందులోకి మిరప బస్తాలు వచ్చాయి. త్యాగరాజుగారు వస్తూనే బస్తాలు బయట పడేయించి, నేల కడిగించి, చెయ్యి అందినంత మేర గోడలకు సున్నం కొట్టించారు. ఆట మొదలుపెట్టారు.

ఆయన్ను మొదట ఓడించిన జోసఫ్‌ను సింగరాయకొండ గోడౌనుకు బదిలీ చేశారు. అది చూసి మొహిద్దీన్ బాషా కావాలని ఓడిపోయాడు. "నన్ను చంటిపిల్లాడనుకున్నావా?" అని అతన్ని పిడుగురాళ్ల పంపారు. అంటే గెలవకూడదు, ఓడిపోయినట్టు నటించనూ కూడదు. మూర్తి కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాడు. చెయ్యి ఊరుకోదు. అందుకని శనివారం నాడే బ్యాటు పట్టుకుని మాబు సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు. మాబు సాహెబ్ మంచాలకు నవారు, బ్యాట్లకు నరాలు అల్లుతాడు.

"ఇదేం బ్యాటు సారూ, తల చిన్నది, మెడ పొడుగు. కొంగలాగుంది," అన్నాడు మాబు సాహెబ్.

"దీనికి ఓడిపోయే గట్టింగ్ వెయ్యాలి."

"మజ్జలో తెగిపోవాలా?"

"తెగకూడదు. నేను నిజంగానే ఆడాలి. అయినా ఓడిపోవాలి."

"ఎవరి మీద?"

"మా మేనేజరు మీద."

"అట్టా చెప్పండి మరి." మాబు సాహెబ్ బ్యాటును వెలుతురుకు పెట్టి చూశాడు. "దగ్గర దగ్గరగా అల్లామనుకోండి, బంతి చెప్పిన మాట వినిద్ది. పలక మీద కొట్టినట్టు చేతికి తెలిసిద్ది. ఎడం ఎడంగా అల్లామా, బంతి నరాల్లోకి దిగబడి, ఉయ్యాల ఊగి, ఎగిరిద్ది. చేతికి మెత్తగా, హాయిగానే ఉంటది. ఎటు పోద్దో మాత్రం దానికే తెలీదు."

"అదే కావాలి."

"ఎంత ఎడం?"

"బంతి ఇరుక్కోకుండా ఎంత వీలైతే అంత."

మాబు సాహెబ్ ఒక చిల్లు వదిలి ఒక చిల్లులోంచి నరం లాగి, దోమతెర కాస్తా చేపల వల అయినట్టు అల్లి ఇచ్చాడు.

సోమవారం మూర్తి గుమ్మం దాటుతుంటే కనకలక్ష్మి ఎదురొచ్చింది. మొగుడి ఆట చెడి ఓడిపోవాలని ఒంటి తుమ్ము తుమ్ముదామని పక్కింటి సుబ్బరావమ్మను అడిగి నశ్యం తెచ్చి పెట్టుకుంది. పీల్చింది. ఒకటి తుమ్మింది. ఆపుకోలేక రెండోదీ తుమ్మింది.

"రెండు తుమ్మితే శుభం కదే," అన్నాడు మూర్తి నీరసంగా.

"ఏం చెయ్యనండీ, ఆగలేదు. మీరు మాత్రం జాగ్రత్తగా ఓడిపోయి రండి."

కోర్టులో త్యాగరాజుగారు ఆఫీసు కుర్చీలో ఉన్నట్టే సరిగ్గా నడిమధ్యన నిలబడతారు. "ఫీల్ ముఖ్యమయ్యా మూర్తీ, ఫీల్," అంటూ తన బ్యాటు మీద దగ్గరగా అల్లిన నరాలను వేలితో మీటారు. మూర్తి నిజాయితీగా, ఉన్న బలమంతా పెట్టి మొదటి బంతి కొట్టాడు. అది నరాల్లో దిగబడి, హాయిగా లేచి, గీత దాటి, సున్నం అందని పైగోడకు తగిలింది. పాయింటు పోయింది. మూర్తి మనసు తేలికపడింది.

పైగోడ మీద బస్తాల కాలం నాటి మిరప దుమ్ము అలాగే పేరుకుని ఉంది. అది మెల్లగా, ఏ తొందరా లేకుండా, నడిమధ్యన నిలబడినవారి నెత్తిన దిగింది.

త్యాగరాజుగారు తుమ్మారు. మూర్తి ఇంకొకటి పైకి కొట్టి ఇంకో పాయింటు పోగొట్టుకున్నాడు. ఇంకొంత దుమ్ము దిగింది. మూడో బంతికి మేనేజరుగారి కళ్ళు మూసుకుపోయాయి. మూర్తి పుట్టి పెరిగింది మిర్చి యార్డు పక్కన. కళ్ళు ధారలు కట్టినా బంతి కనిపిస్తూనే ఉంది.

"ఆపేద్దామాండీ?" అన్నాడు.

"ఆడవయ్యా," అన్నారు త్యాగరాజుగారు, గోడ వైపు కాకుండా తలుపు వైపు తిరిగి.

అక్కడి నుంచి మూర్తికి ఓడిపోవడం చేతకాలేదు. ఎంత ఎడం గట్టింగ్ ఉన్నా, బంతిని తాకనే లేని మనిషి మీద ఎలా ఓడిపోతారు? పాయింట్లు వచ్చి మీద పడుతుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఆట ముగిసింది. గెలిచాడు.

ఇద్దరూ వెక్కుతూ బయటికి వచ్చారు. ఎదురుగా పాకలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళ పెద్ద కోటేశ్వరమ్మ ముందుకొచ్చింది.

"ఏమైందయ్యా?"

"అయిపోయిందమ్మా," అన్నాడు మూర్తి, ఉద్యోగాన్ని తలుచుకుని. "ఇంకేం మిగల్లేదు."

కోటేశ్వరమ్మ మేనేజరు వైపు తిరిగింది. టెంపరరీ గుమాస్తా చేతిలో ఓడిపోయానని అంతమంది ముందు చెప్పడమా? త్యాగరాజుగారు కళ్ళు ఒత్తుకున్నారు.

"మా పెద్దమ్మ," అన్నారు.

"అయ్యో. ఎప్పుడయ్యా?"

"ఇప్పుడే."

ఆ కబురు నాలుగు గోడల్లోకి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. కోటేశ్వరమ్మ ఎన్నడూ చూడని ఆ మహాతల్లిని తలుచుకుని రాగం ఎత్తుకుంది. మిగతా ఆడవాళ్ళు కొంగు అందక మిరపకాయల చేతుల్తోనే కళ్ళు తుడుచుకున్నారు. ఆపైన ఎవరి ఏడుపూ వాళ్ళ చేతిలో లేదు. కంపెనీ మూసేశారు. యార్డు నుంచి కమీషను వ్యాపారులు తలలు వంచుకుని వచ్చారు. గుంటూరు ఆఫీసు ఫోనులో సంతాపం చెప్పింది. త్యాగరాజుగారిని చాప మీద కూర్చోబెట్టి, ఆయనకు ముద్ద దిగదని వాళ్ళే నిర్ణయించి, టిఫిను క్యారియరు వెనక్కి పంపేశారు.

మూర్తి ఏడుస్తున్నాడని విని కనకలక్ష్మి పరుగున వచ్చింది. జనంలో దూరి మొగుడి చెవిలో అడిగింది.

"గెలిచారా?"

మూర్తి తల ఊపాడు. ఆమె అక్కడే కూలబడి భోరుమంది.

"గుమాస్తా పెళ్ళానికి కూడా ఆ పెద్దామె అంటే ఎంత ప్రాణమో చూడండి," అన్నారు వ్యాపారులు.

సాయంత్రం జనం పలచబడ్డాక మేనేజరు గదిలోంచి పిలుపొచ్చింది. మూర్తి బ్యాటు చంకలో పెట్టుకుని, పెట్టే బేడా సర్దుకోవాలేమోనని అనుకుంటూ లోపలికి వెళ్ళాడు.

"తలుపు వెయ్యి. కోర్టులో జరిగింది ఎవరికైనా చెప్పావా?"

"లేదండి."

"చెప్పకు. ఆ బ్యాటు ఇటివ్వు." త్యాగరాజుగారు నరాల మీద బొటనవేలితో నొక్కారు. అవి మెత్తగా దిగి, మెత్తగా లేచాయి. మళ్ళీ నొక్కారు. ఆకలితో ఉన్న ఆయన ముఖంలో వెలుగొచ్చింది. "ఎడం గట్టింగ్. ఇన్నాళ్ళూ ఆ దగ్గర గట్టింగ్ పట్టుకుని ఏడ్చానయ్యా. ఇదీ ఫీలంటే. నువ్వు గెలిచాననుకుంటున్నావేమో. గెలిచింది నువ్వు కాదు, ఈ బ్యాటు."

"ముమ్మాటికీ బ్యాటేనండి," అన్నాడు మూర్తి. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

"ఇది నా దగ్గర ఉంటుంది. నువ్వింక కోర్టుకు రానక్కర్లేదు." సొరుగులోంచి కాగితం తీసి సంతకం పెట్టి ఇచ్చారు.

మూర్తి దాన్ని గుండెకు హత్తుకుని, ఈసారి సంతోషంతో, మళ్ళీ ఏడుస్తూ బయటికొచ్చాడు. "ఊరుకోండయ్యా, నిండు జీవితం బతికి పోయిందిగా," అని కోటేశ్వరమ్మ ఓదార్చింది.

మైల తీరగానే త్యాగరాజుగారు తరువాతి టెంపరరీ గుమాస్తా అలీ సాహెబ్‌ను ఆటకు పిలిచారు. కొత్త బ్యాటుతో నడిమధ్యన నిలబడి, పళ్ళు బిగించి, మొదటి బంతి కొట్టారు. అది హాయిగా లేచి పైగోడకు తగిలింది. ఆ రోజు ఆయన చిన్నాన్నగారు పోయారు, అలీ సాహెబ్ పర్మనెంటయ్యాడు. ఆ తర్వాత ఒక మేనత్త, ఒక వేలువిడిచిన మేనమామ. ఇంకా తన మణికట్టుకే ఫీల్ పట్టుబడలేదని ఆయన ఆ బ్యాటును వదల్లేదు.

వానలు పడే వేళకు ఆ కంపెనీలో టెంపరరీ గుమాస్తా ఒక్కడూ మిగల్లేదు, త్యాగరాజుగారికి చుట్టాలూ మిగల్లేదు.