సీసాలోకి దిగని వైన్

తాగడానికి వైన్ కొనేవాళ్ళంటే నాకు జాలి. అంగడికి వెళ్ళడం, సీసా తేవడం, మూత తీయడం, తాగేయడం! ఇందులో నాగరికత ఎక్కడుంది? ఫ్రాన్సులోని మా బోర్డోలో పెద్దమనుషులు ఇంకా పీపాలో ఉన్న వైన్‌నే కొంటారు. డబ్బు ఈ వసంతంలో, సీసా రెండేళ్ళకి, తాగడం మరో పదిహేనేళ్ళకి.

ఇరవై ఆరేళ్ళుగా నేనిలాగే కొంటున్నాను. లాభాలు చెప్పమంటారా? పీపాలో ఉన్న వైన్ కార్పెట్ మీద ఒలకదు. మర్నాడు తలనొప్పి రాదు. మా డాక్టరుకి నా కాలేయమంటే ఎంత గౌరవమో! అతిథులొస్తే కొన్న కాగితాన్ని బల్ల మధ్యలో పెట్టి, "చెర్రీ పండు, దేవదారు చెక్క, తడిసిన రాయి" అని రుచుల జాబితా చదువుతాను. అందరూ కళ్ళు మూసుకుని తలలూపుతారు. తర్వాత మంచినీళ్ళు తాగి ఇళ్ళకి వెళతారు.

పైగా ఈ శతాబ్దానికే గొప్ప పంట మాకు ఇప్పటికి తొమ్మిదిసార్లు పండింది. ఏటా ఏప్రిల్లో నిపుణులు దేశదేశాల నుంచి దిగి, ఒక గుక్క పుక్కిలించి, బకెట్లో ఉమ్మి, రెండు మూడేళ్ళకోసారి ఆ మాట చెప్పిపోతారు. ఉమ్మినదాన్ని ఇంతగా పొగిడే ఊరు ఇంకోటి ఉందా?

రెండేళ్ళకి చెక్కపెట్టె వస్తుంది, మేకులు కొట్టి. పదిహేనేళ్ళు దాటినా ఆ మేకులు పీకకూడదు. పీకితే పెట్టె పరువు పోతుంది. లోపల ఉన్నది వైనో ఇటుకలో నేనెప్పుడూ చూడలేదు. నమ్మకమంటే ఇదీ!

ఇంత చక్కటి ఏర్పాటుకి మా మామగారు ఫుల్జాన్స్ అడ్డం పడ్డారు. ఆయన వయసు ఎనభై, గుండె ఇప్పటికే రెండుసార్లు మొరాయించింది. యాభై ఏళ్ళు ఒకే తోటలో, చలికాలమంతా నడుం వంచి ద్రాక్షకొమ్మలు కత్తిరించారు. ఆ తోట వైన్ ఒక్క గుక్క కూడా తాగి ఎరగరు. అదంతా సీసాకెక్కకముందే అమ్ముడయ్యేది. ఆయన చివరిసారి కత్తెర పట్టిన ఏటి వైన్‌ని నేనే ముందుగా కొన్నాను. ఆ పెట్టె ఈ మార్చిలో వచ్చింది.

"ఒక్క సీసా తియ్యి అల్లుడూ. పోయేలోపు నా చేతి పంట ఎలా ఉందో చూసుకుంటా," అన్నారు.

వెంటనే వైన్ వ్యాపారి కస్తెన్‌కి ఫోన్ చేశాను. "ఇప్పుడు తెరిస్తే పసిబిడ్డ గొంతు నులిమినట్టే. పదిహేనేళ్ళు ఆగాల్సిందే," అన్నాడతను. అదే మామగారికి చెప్పాను.

"అయితే నన్నూ ఆ పెట్టె పక్కనే పడుకోబెట్టు. ఇద్దరం కలిసే లేస్తాం," అన్నారాయన.

మా ఆవిడ ఒడీల్ వారం రోజులు నాకు సూప్ చల్లగా పెట్టింది.

ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి నేలమాళిగలో సుత్తి చప్పుడు. పరుగున దిగాను. మేకులన్నీ నేల మీద ఉన్నాయి. మామగారు పీట మీద కూర్చున్నారు, సుత్తి మా ఆవిడ చేతిలో ఉంది. నాకూ ఒక గ్లాసు అందించింది.

"వగరుగా ఉందే," అన్నాను.

"ఉండదా మరి? ఆ ఏడు ఏప్రిల్లో మంచు కొట్టింది. మిగిలిన గుత్తులు బతకడానికి నానా అగచాట్లు పడ్డాయి," అన్నారు మామగారు. ఇంకో గుక్క తాగి చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు. "బాగానే కత్తిరించానే తల్లీ," అన్నారు కూతురితో.

నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో నేను కొన్న వైన్ నా గొంతు దిగడం అదే మొదలు.

మర్నాడు కస్తెన్ ఫోన్ చేశాడు, ఈ ఏటి పంటకి నా పేరు రాసుకోమంటారా అని.

"ఎప్పుడు తాగొచ్చు?" అని అడిగాను.

"తాగడమా? అదేం ప్రశ్నండీ? మీకు ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉందండీ. ఉండగానే తాగుదామని," అన్నాను.