ఏసీ గదిలో ఖర్బూజాలు

ఆ పొద్దున అల్లుడి పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. తెల్లవారుతూనే కోయించిన ఖర్బూజా పళ్లను నీడలో చల్లార్చి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఏసీ గదిలో వరసగా పేర్చాడు. లారీ రెండు రోజులు ఆలస్యమని కబురొచ్చింది మరి. అంతవరకూ పళ్లు గట్టిగా నిలిస్తే పట్నం దుకాణదారు పంటంతా తీసుకుంటాడు. నిలవకపోతే అల్లుడు వదిలొచ్చిన ఆఫీసు ఉద్యోగానికే తిరిగి పోవాలి, పొలం వేరేవాళ్లకు కౌలుకిస్తానని మామగారు భోజనాల దగ్గరే తేల్చి చెప్పేశారు.

"ఈ తలుపు ఎవరూ తీయకండి. పళ్లు చల్లగా ఉండాలి, అంతే" అని ఇంటిల్లిపాదికీ చెప్పి అల్లుడు లారీ సంగతి చూడ్డానికి వెళ్లాడు.

చిక్కేమిటంటే ఆ గది మామగారిది. హాల్లో ఎంత దొర్లినా ఆయనకు మధ్యాహ్నం కునుకు పట్టలేదు. పిల్లిలా లోపలికి వెళ్లి పళ్ల మధ్య ఉన్న తన మంచమెక్కారు. కాసేపటికి మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఏసీ కట్టేసి, రిమోటు జేబులో వేసుకుని హాయిగా నిద్రపోయారు. లేచి, ఎవరి కంటా పడకుండా బయటికొచ్చే హడావిడిలో ఏసీ మాటే మరిచిపోయారు.

సాయంత్రం కూతురు తలుపు సందులోంచి తొంగి చూసింది. ఏసీ చప్పుడు లేదు, రిమోటు లేదు. చెడిపోయిందనుకుంది. మొగుడికి చెబితే కంగారుపడి అన్నం మానేస్తాడు. ఉన్న చల్లదనమైనా పోకూడదని ఇంట్లో దుప్పట్లన్నీ తెచ్చి పళ్ల మీద కప్పేసింది.

ఆ దుప్పట్లు అత్తగారి కంటపడ్డాయి. పళ్ల మీద గుడ్డ కనిపిస్తే ఆవిడకు ఒకటే అర్థం, మాగేస్తున్నారని. "నాకో మాట చెబితే పోయేదేముంది" అని గొణుక్కుంటూ, వంటింట్లో బాగా మగ్గిన అరటిపళ్లను తెచ్చి దుప్పట్ల కింద అక్కడక్కడా దూర్చారు. పక్కన మగ్గిన అరటిపండుంటే ఏ కాయా ఊరుకోదని ఆవిడకు పుట్టింటినాటి నమ్మకం.

రెండు రోజులూ ఎప్పుడు చూసినా తలుపు మూసే ఉంది. మనవాళ్లు నా మాటకు ఎంత విలువిచ్చారో అని అల్లుడు మురిసిపోయాడు.

మూడో రోజు పొద్దున వీధి మొగదాకా ఘుమఘుమ. అల్లుడు తలుపు తీసి, దుప్పటి ఎత్తి, ఒక పండు మీద బొటనవేలు పెట్టాడు. వేలు దిగబడింది.

"ఎవరండీ ఈ పని చేసింది?"

"ఏసీ చెడిపోయిందని నేనే కప్పాను" అంది భార్య.

"చెడిపోలేదమ్మా, నేనే కట్టేశా" అన్నారు మామగారు, జేబు తడుముకుంటూ.

"మాగేయడానికి కాదా? అరటిపళ్లు కూడా పెట్టానే" అన్నారు అత్తగారు.

ఎవరిని తిట్టాలో తేలక అల్లుడు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. నాలుగు నెలలు కన్నబిడ్డలా సాకిన పంట. ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే లారీ, దాని వెనకే దుకాణదారు దిగారు.

దుకాణదారు ఒక పండు నొక్కి పెదవి విరిచాడు. "ఇవి వారం నిలుస్తాయా బాబూ? నాకొద్దు."

"నిలవవండీ. మా వల్లే పాడయ్యాయి" అని అల్లుడు తల దించుకున్నాడు.

"గుమ్మంలోకొచ్చిన మనిషి ఉత్తి నోటితో వెళ్తారా" అని అత్తగారు ఓ పండు కోసి పళ్లెంలో పెట్టిచ్చారు. ఆయన మొహమాటానికి నిలబడే ఒక ముక్క తిన్నాడు. రెండోది కూర్చుని తిన్నాడు. తర్వాత పళ్లెం ఎవరికీ ఇవ్వలేదు.

"ఇన్నేళ్లుగా గట్టి కాయలు కొని గట్టి కాయలే అమ్మాను. ఖర్బూజా ఇలా ఉంటుందని నాకే తెలీదు. ఎక్కించండి, ఈ రోజే ముక్కలు కోసి అమ్మేస్తా. వచ్చే కోతవీ ఇలాగే కావాలి. ఇంతకీ ఎలా మాగేశారు?"

భార్య తన తల్లి వంక చూసింది, ఆవిడ భర్త వంక చూశారు. మామగారు గొంతు సవరించుకున్నారు.

"అది మా అల్లుడి పద్ధతి. బయటికి చెప్పం. పొలం ఎప్పటికీ ఆయన చేతిలోనే ఉంటుంది, మీకు పళ్లొస్తాయి, చాలదా?"

అల్లుడికి మళ్లీ కళ్లు చెమర్చాయి, ఈసారి సంతోషంతో.

ఆ రహస్యం ఇప్పటికీ బయటికి పొక్కలేదు. ఎవరి నిర్వాకం వల్ల మాగాయో ముందు ఇంట్లో తేలితే కదా.