మీగడ కింద వంట

వంటింట్లో మనిషి కనిపెట్టిన వాటిలో గొప్పది నిప్పు కాదు. తోడేసి పులియబెట్టిన మీగడ! సోర్ క్రీమ్ అంటారా, అనండి, నాకేం అభ్యంతరం లేదు. నా కాపురాన్ని నిలబెట్టింది అదే.

మా ఇంట్లో వంట నాది. పదకొండేళ్లుగా మా ఆవిడ తినేది, నేను వినేది. "ఉల్లిపాయ మాడ్చారు." "బఠాణీ ఉడకలేదు." "ఇది సూపా, గిన్నెలు కడిగిన నీళ్లా?" ఒక్క పూటైనా వంక పెట్టకుండా తిన్నదా? అబ్బే.

ఆర్నెల్ల కింద, వెన్న కోసం తీసిపెట్టిన మీగడలో పొరపాటున పెరుగు గరిటె ముంచాను. మర్నాటికి పులిసింది. పారెయ్యడానికి మనసొప్పక, మాడిన కూర మీద గుమ్మరించాను. మా ఆవిడ తిని, "ఇదేదో బాగుందే" అంది. గిన్నె అడుగు దాకా గీకి ఇంకో గరిటె వడ్డించాను.

ఆనాటి నుంచి చేప చెదిరితే ఒక గరిటె. సూప్ పల్చనైతే రెండు. కారం మండిపోతే గిన్నెడు! తప్పులతడక ఫైలు మీద కూడా ఇంత వేసి మా మేనేజర్‌కి పంపితే ప్రమోషన్ రాదంటారా?

ఇంత సుఖపడుతున్నవాణ్ణి ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. మొన్న ఆదివారం లేత బీన్స్ ఒక్కొక్కటీ ఏరి తెచ్చి, పొయ్యి దగ్గర నుంచి కదలకుండా, జన్మలో వండనంత బాగా వండాను. మా ఆవిడ రుచైనా చూడకుండా మూడు గరిటెల మీగడ వేసుకుని, ఫోన్ చూస్తూ తిని, "బాగుంది" అంది.

నాకు ఒళ్లు మండింది. మర్నాడు బంగాళాదుంపల కూరలో కావాలనే ఉప్పు వెయ్యలేదు. మళ్లీ మూడు గరిటెలు, మళ్లీ ఫోన్, మళ్లీ "బాగుంది".

అప్పుడు బల్లకి అవతలి నుంచి మా అత్తగారు గొంతు సవరించుకున్నారు. మమ్మల్ని చూసిపోదామని ఆ పొద్దున్నే వచ్చిన ఆవిడకి పాలూ పెరుగూ పడవు, మీగడ ముట్టరు.

"ఉప్పు మరిచినట్టున్నారు అల్లుడుగారూ. దుంప కూడా కాస్త ఎక్కువ ఉడికింది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉప్పు డబ్బా తెచ్చి రెండు చేతులా ఆవిడ ముందు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"ఇంకా చెప్పండి" అన్నాను.

ఆవిడ అరగంట చెప్పారు. మా ఆవిడ ఫోన్ మీంచి తలెత్తకుండానే, మీగడ గిన్నె ఇటివ్వమని చెయ్యి చాపింది.