ఇడ్లీ ప్లేట్ల మీద కోత మిషను

ఆ ఉదయం పెంచలకృష్ణ చేయవలసిన పని ఒక్కటే. బస్సెక్కి మనుబోలు పోవాలి, కోత మిషను యజమాని చెంగయ్య ఇంటి ముందు కూర్చోవాలి, మిషను బయలుదేరితే తప్ప అక్కడి నుంచి లేవకూడదు. మైపాడు రోడ్డు పక్కన అతని నాలుగెకరాల వరి పండి, వెన్నులు బరువుకు నేలను చూస్తున్నాయి. తూర్పున సముద్రం మీద మబ్బు పట్టింది. చెంగయ్యకు ఫోను చేస్తే 'రేపు' అనే మాట తప్ప ఇంకో మాట రాదు. ఆ రేపు వారం నుంచీ వస్తూనే ఉంది, మిషను మాత్రం రాలేదు.

"ఈపొద్దు వానొస్తాదంట. కోయకండా తడిసిందంటే గింజంతా కయ్యలోనే మొలకెత్తి పోతాది," అంది భార్య వెంకటశేషమ్మ, పళ్లెంలో ఇడ్లీలు వేస్తూ. "ఏడాది తిండి అది. తినేసి కదులు."

"కదల్తా ఉండా మే. ఒక అర్ధగంట. లోపల చిన్న పనుండాది."

"లోపల నీకు పనేంది?"

"లెక్కలు."

లోపల ఉన్న పని లెక్కలు కాదు, గోధుమలు. కూతురు వెన్నెల చెన్నైలో బొమ్మల సినిమాలు చేసే కంపెనీలో చేరింది. అక్కడ వాళ్లే వేరే కంప్యూటర్ ఇవ్వడంతో, చదువుకునేటప్పుడు కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌ను ఇంట్లో వదిలేసి, పోతూ పోతూ నాన్నకు ఒక ఆట నేర్పింది. ఆ ఆటలో పొలం దున్నవచ్చు, విత్తనం వేయవచ్చు, పంట కోయవచ్చు. పుట్టింది మొదలు నిజం పొలంలో మునిగిన మనిషికి ఆటవిడుపుగా పొలం పనుల ఆట దొరికింది. అందులో కాలువ నీళ్ల దగ్గర తగాదాలు లేవు, మోటారు కాలదు, అడవిపందులు రావు. ఇక్కడ నాలుగెకరాల రైతు, అక్కడ ఏదో చలిదేశంలో రెండొందల ఎకరాల ఆసామి. భార్యతో మాత్రం ధాన్యం లెక్కలు రాసుకుంటున్నానని చెప్పాడు. లెక్కలు రాసేటప్పుడు మనిషి అప్పుడప్పుడు 'హోయ్, పక్కకు పో' అని ఎందుకు అరుస్తాడో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఆ రోజు ఆటలోనూ గోధుమ పండింది. ఆటలోనూ తెర మూలన వాన మబ్బు బొమ్మ వచ్చింది. కిటికీలో కనిపిస్తున్న మబ్బును పట్టించుకోని మనిషి ఈ మబ్బును చూసి ఉలిక్కిపడ్డాడు. ఇది కోసేసి బస్సెక్కుదాం అనుకుని, ఆటలోని కోత మిషనును గోధుమ చేలోకి దించాడు.

మిషను నాలుగు బారలు పోయి ఆగింది. మళ్లీ ఒక బార పోయి ఆగింది. పెళ్లి ఆల్బం తిప్పుతున్నట్టు ఒక్కో బొమ్మగా కదులుతోంది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను రైసుమిల్లు మోత అందుకుంది. మీటల మీద వేలు పెడితే చురుక్కుమంటోంది. ఎంత వేడంటే, రోజూ దాని పక్కన వెచ్చగా పడుకునే పిల్లి లేచి, చల్లదనం కోసం వంటింట్లో పొయ్యి పక్కకు పోయింది. గోడ మీది బల్లి పక్కింటికి కాపురం మార్చింది. పక్కన పెట్టి మరిచిపోయిన కాఫీ చల్లారడానికి బదులు మళ్లీ కాగింది.

గదిలో సిగ్నలు అందదు కాబట్టి పెంచలకృష్ణ వాకిట్లోకి వచ్చి వెన్నెలకు ఫోను చేశాడు. ఫోనులో అతను మాట్లాడే గొంతు ఫోను లేకుండానే చెన్నైకి చేరేంతది.

"నాన్నా, మీటింగులో ఉండా. ఏమైంది?" అంది వెన్నెల గుసగుసగా.

"మిషను కయ్య మజ్జలో ఆగిపోయిందమ్మా. ఒళ్లంతా నిప్పు. చెయ్యి పెడితే కాలిపోతా ఉండాది. పంట ముప్పాతిక అట్నే నిలబడుంది. వాన నెత్తి మీదికొచ్చేసింది. నేనేం జేసేది?"

సరిగ్గా ఆ సమయంలో మస్తానయ్య పాల క్యానుతో మోపెడ్ మీద ఆ వాకిలి ముందు నుంచి పోతున్నాడు. అతని పొలమూ పెంచలకృష్ణ పొలమూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. ఆ మాటలు చెవిన పడ్డాయి. పాపం, కోత మిషను నిప్పంటుకుందే అనుకున్నాడు. ఆగి అడిగితే తెలిసేది. కాని సాయం చేయడంలో మస్తానయ్యకు ఉన్న తొందర వినడంలో లేదు. మోపెడ్ చెవి మెలిపెట్టి ఊళ్లోకి ఉరికాడు.

అతను విననిది ఇది.

"యాడ పెట్టినావు నాన్నా ల్యాప్‌టాప్‌ని?"

"పరుపు మీదమ్మా. మెత్తగా ఉంటాదని దుప్పటి గూడా మడిచి కిందేసినా."

"దానికి గాలి కింద నించే పోవాల. నువ్వు ముక్కు మూసేసినావు. వేడెక్కితే లోపల కాలిపోకండా అదే నిదానిస్తాది. అందుకే నీ మిషను ఆగతా ఉండాది. ఆపేసి చల్లారనీ. పక్క చిల్లుల్లో దుమ్ము ఊదు. కింద గాలి ఆడేట్టు ఎత్తు పెట్టు. ఆట సెట్టింగుల్లో నీడలు తీసెయ్, దాని పని తగ్గతాది."

"నీడ తీసేస్తే ఎట్టామ్మా? ఆ ఎండలో డ్రైవరు ఏమైపోవాల?"

"వాడు బొమ్మ నాన్నా."

"బొమ్మయినా మన చేలో పన్జేస్తా ఉండాడు గదా."

"చెట్లకు ఆకులు గూడా తగ్గించు."

"పచ్చని చెట్లమ్మా అయ్యి."

"నాన్నా, మా బాస్ నన్నే చూస్తా ఉండాడు. పెట్టేస్తా."

పెంచలకృష్ణకు మనుబోలు బస్సు అప్పటికే గుర్తు లేదు. వెంకటశేషమ్మ పశువుల కొట్టంలో ఉంది. వంటింట్లో కడిగి బోర్లించిన ఇడ్లీ ప్లేట్లు కనిపించాయి. ఎత్తుగా ఉన్నాయి, చిల్లులున్నాయి. ల్యాప్‌టాప్ కోసమే ఎవరో చేసినట్టున్నాయి. రెండు తీసుకుపోయి బల్ల మీద పేర్చాడు. సైకిలు పంపు తెచ్చి పక్క చిల్లుల్లోకి గాలి కొట్టాడు. దాంట్లోంచి వచ్చిన బొచ్చుతో ఇంకో పిల్లిని తయారు చేయవచ్చు. తలుపు మూసి, స్టాండు ఫ్యాను దాని వైపు తిప్పి, డ్రైవరుకు మనసులో క్షమాపణ చెప్పుకుని నీడలు తీసేశాడు.

ఈలోగా మస్తానయ్య కాలువ వంతెన దగ్గర టీ అంగట్లో ఆగి, పెంచలకృష్ణ కయ్యలో కోత మిషను కాలిపోతోందని చెప్పాడు. వంతెన దాటేసరికి మిషను పూర్తిగా కాలిపోయింది. రామాలయం దగ్గరికి చేరేసరికి డ్రైవరు దూకేశాడు. చర్చి సందులోకి వచ్చేసరికి డ్రైవరు కనుబొమలు కాలి, మాట పడిపోయింది. ఆ మిషను చెంగయ్యదే అయివుంటుందని మస్తానయ్య అతనికి ఫోను కొట్టాడు.

"చెంగయ్యన్నా, నీ మిషను మా ఊళ్లో కాలిపోయిందన్నా."

"ఏందిరా నువ్వు చెప్పేది? నా మిషను ఈడ వెంకటాచలంలో నా కళ్ల ముందరే ఉండాది. లారీ ఎక్కిస్తా ఉండాం."

"మరి పెంచలకృష్ణన్న కయ్యలో కాలింది ఎవురిది?"

చెంగయ్య గొంతు మారింది.

"వారం నించి నా చుట్టూ తిరగతా ఉండాడు గదా ఆయన. నన్ను కాదని ఇంకొకరి మిషను దించినాడా?"

"దించినట్టే ఉండాడన్నా."

"ఎవుడిదో డొక్కు తెచ్చుకోని కాలబెట్టుకున్నాడు. లారీ మీ ఊరికే తిప్పతా ఉండా. మిషనంటే ఎట్టుంటాదో చూద్దురు గాని."

చెంగయ్య స్వభావం అటువంటిది. బతిమాలితే రాడు, బతిమాలడం మానేస్తే ఆగలేడు. పెంచలకృష్ణ ఆ ఉదయం భార్య మాట విని మనుబోలు పోయి ఉంటే, తాళం వేసిన తలుపు చూసి వచ్చేవాడు.

పొలం దగ్గరికి ఊరు ఊరంతా వచ్చింది. బిందెలు వచ్చాయి, నీళ్ల ట్యాంకరు వచ్చింది. మిగిలిన పంటనైనా దక్కిద్దామని రెండు ట్రాక్టర్లు ట్రక్కులతో సహా వచ్చాయి. ఒకాయన కూతురి పెళ్లి పందిరికి కొన్న కొత్త టార్పాలిన్ పట్టలు భుజాన వేసుకుని వచ్చాడు. కబురు తెలిసి వెంకటశేషమ్మ కొట్టంలోంచి పేడ చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. మొగుడు మనుబోలు బస్సెక్కి పోయాడనే ఆమె అనుకుంటోంది. తీరా చూస్తే మిషను లేదు, మంట లేదు, ఒక్క ఆకు కూడా కమలలేదు. వరి నిక్షేపంగా నిలబడి ఉంది.

"కాలిన మిషనేది?" అని అడిగింది వెంకటశేషమ్మ.

"తీసకపోయినట్టుండారక్కా," అన్నాడు ఒకడు.

"అంత పొగొచ్చింది. నా కళ్లతో చూసినా," అన్నాడు ఇంకొకడు. అతను నెల్లూరు నుంచి అప్పుడే బస్సు దిగాడు.

"మా ఆయన మిషను తెచ్చింది నాకు తెలీకండా..." అని వెంకటశేషమ్మ ఇంకా ఏదో అడగబోతుంటే రోడ్డు మీద లారీ హారను మోగింది. ముందు సీట్లో తెల్లచొక్కాతో చెంగయ్య, వెనక అతని కోత మిషను. రోజుల తరబడి దేవుడికి మొక్కినా రానిది తనంతట తానే వచ్చి గట్టు పక్కన దిగుతోంది.

"చూడక్కా, ఇది మిషను," అన్నాడు చెంగయ్య. "ఎవురిదో పెట్టుకున్నారంట గదా. యాడుంది ఆ డొక్కు? ఓనరెవురు?"

వెంకటశేషమ్మ మబ్బును చూసింది. మిషనును చూసింది. చెంగయ్య ముఖం చూసింది. ఏదో తేడా ఉందని ఆమెకు తెలుసు. దాన్ని సరిచేసే సమయం ఇది కాదని కూడా తెలుసు.

"అన్నా, ముందు కొయ్యి. అడిగేది తర్వాత అడగదువు."

చెంగయ్య మిషను ఆ రోజు కోసినట్టు ఎప్పుడూ కోయలేదు. లేని శత్రువుతో పందెం వేసుకున్నట్టు కోసింది. మంట ఆర్పడానికి వచ్చినవాళ్లు ఎవరూ ఇంటికి పోలేదు. ధాన్యం ట్రక్కుల్లోకి తోడారు, రోడ్డవతల రేకుల షెడ్డులో పోశారు, పట్టలు కప్పారు. మంటకు తెచ్చిన బిందెల్లో నీళ్లు తాగారు. పెంచలకృష్ణ పొలం అయ్యాక, గట్టు దాటి మస్తానయ్య పొలం కూడా కోసేసరికి తొలి చినుకు పడింది.

మూసిన తలుపు వెనక పెంచలకృష్ణకు ఇవేవీ తెలియవు. ఇడ్లీ ప్లేట్ల మీద ల్యాప్‌టాప్ కుండలో నీళ్లలా చల్లగా ఉంది. నీడ లేని డ్రైవరు, ఆకుల్లేని చెట్ల మధ్య, ఎక్కడా ఆగకుండా గోధుమంతా కోసేశాడు. ఆఖరి సాలు అవగానే ఆటలో వాన మొదలైంది. పెంచలకృష్ణ తృప్తిగా వెనక్కి వాలాడు. తడిసిన మట్టి వాసన ముక్కుకు తగిలింది.

"ఎంత బాగా చేసినారయ్యా," అనుకున్నాడు. "వాసన గూడా పెట్టినారే."

తర్వాత పైన రేకుల మీద టపటపమని చప్పుడైంది. అప్పుడు గుర్తొచ్చింది. మనుబోలు. బస్సు. వరి. భార్య.

చెప్పుల్లేకుండా వానలో పరుగెత్తాడు. దారి పొడుగునా, వెంకటశేషమ్మకు ముఖం ఎట్టా చూపించేదని ఒకటే ఆలోచన. పొలం దగ్గరికి వచ్చి చూస్తే పొలంలో వరి లేదు, కొయ్యకాళ్లు మాత్రం ఉన్నాయి. ఎవరి పొలానికో వచ్చానేమోనని వెనక్కి పోయి, మళ్లీ వచ్చి చూశాడు. అతనిదే. గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

మస్తానయ్య గోనెసంచి నెత్తిన కప్పుకుని దగ్గరికి వచ్చాడు.

"పోనీలే అన్నా. మిషను పోతే పోయింది, గింజ పోలేదు గదా."

"ఏ మిషను మస్తానయ్యా? నా వరెవురు కోసకపోయినారు?"

"పాపం, మనిషికి మతి చలించింది," అని మస్తానయ్య అతన్ని చెయ్యి పట్టుకుని షెడ్డులోకి నడిపించాడు.

షెడ్డులో వరి ధాన్యం గుట్టగా ఉంది. పెంచలకృష్ణ గుప్పెడు తీసి చూశాడు. తన గింజే. పొడిగా ఉంది. చుట్టూ ఊరివాళ్లు ముఖాలకు దుమ్ము, తలలకు తాలు పట్టించుకుని టీలు తాగుతున్నారు. వెంకటశేషమ్మ కుప్ప పక్కన నిలబడి అతన్నే చూస్తోంది. అతను గుప్పెట్లోని గింజలను తిరిగి కుప్పలో పోశాడు.

ఆమె చేతిలో ఫోను మోగింది. చేతులకు దుమ్ము ఉండడంతో స్పీకరు నొక్కింది.

"అమ్మా, నాన్న ఫోనెత్తలేదు. ల్యాప్‌టాప్ చల్లబడిందా? గోధుమ కోతైపోయిందా?"

"గోధుమేందే?"

"ఆటలోదిమా. పొద్దున కోత మిషను మజ్జలో ఆగిపోయిందని, కాలిపోతా ఉండాదని ఊరంతా వినపడేట్టు ఏడిస్తే, నేనే చెప్పినా ఏం జెయ్యాలో."

షెడ్డులో అందరూ మస్తానయ్య వైపు తిరిగారు. మస్తానయ్య తన టీ గ్లాసులోకి చూసుకున్నాడు. వెంకటశేషమ్మ మొగుడి వైపు చూసి, "లెక్కలా?" అంది. అంతే.

అప్పుడే మిషను మీద పట్ట కప్పి వచ్చిన చెంగయ్య తల తుడుచుకుంటూ లోపలికి అడుగు పెట్టాడు.

"ఇంతకీ ఆ కాలిపోయిన మిషను ఎవురిదక్కా? ఇప్పుడన్నా చెప్పు."

అందరి చూపూ వెంకటశేషమ్మ మీదికి పోయింది. నిజం చెబితే చెంగయ్య మిషను లారీ ఎక్కించుకుని ఆ రాత్రికే పోతాడు. ఊళ్లో ఆలస్యంగా నాటిన సగం పంట ఇంకా కోయవలసి ఉంది.

"ఈడోళ్లది కాదన్నా," అంది ఆమె. "ఫారిన్‌ది."

"అనుకున్నా," అన్నాడు చెంగయ్య. అతని ముఖం విచ్చుకుంది. "చలిదేశం మిషన్లు మన ఎండకు నిలబడవక్కా. పైపైన చూసేదానికే బాగుంటాయి."

"నిజవన్నా. నాలుగడుగులు పోతాది, ఆగతాది," అన్నాడు పెంచలకృష్ణ. ఆ రోజు అతను చెప్పిన పూర్తి నిజం అదే. తర్వాత పట్టలు తెచ్చినాయన దగ్గర మొదలుపెట్టి, ట్రాక్టర్లవాళ్ల వరకూ ఒక్కొక్కరికీ చేతులు జోడించాడు. మస్తానయ్య దగ్గరికి వచ్చేసరికి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు సగమే వినబట్టి బతికినాం అబ్బయ్యా," అన్నాడు చెవిలో.

ఇంటికి పోయాక వెంకటశేషమ్మ లోపలి గది తలుపు తీసి, తన ఇడ్లీ ప్లేట్ల మీద కూర్చున్న ల్యాప్‌టాప్‌ను చాలాసేపు చూసింది. పెంచలకృష్ణ తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. ఆమె పోయి కుంకుమ తెచ్చి, దాని మూత మీద బొట్టు పెట్టింది. ప్లేట్లు అక్కడే ఉండనిచ్చి, మరునాటికి ఉప్మా చేసింది.

వాన తెరిపిచ్చాక చెంగయ్య ఆ ఊళ్లోనే మకాం పెట్టి, పిలిచినవాళ్లందరి పొలాలూ కోసిపెట్టాడు, ప్రతి గట్టు మీదా ఫారిన్ మిషన్ల గురించి ఉపన్యాసం ఇస్తూ. ఊరంతా శ్రద్ధగా విని తల ఊపింది. అసలు సంగతి అతనికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వచ్చే పంటకు కూడా ఏదో ఒకటి కాలవలసి ఉంటుంది.