గడప దగ్గర ఒకటి, గోడ దగ్గర నాలుగు

"నాలుగంగుళాలు లేకపోతే గచ్చు పగిలిపోద్ది," అన్నాడు సర్వేశ్వరరావు. వారం రోజులుగా అంటున్న మాటనే అప్పుడే తట్టినట్టు అన్నాడు. "కింద పిక్క కాంక్రీటు, పైన సిమెంటు పూత. కాఫీ ఆరేసే కళ్లాలకి ఏసేది అదే."

"పడుకునే గదికి కళ్లం గచ్చేటి? అందులో ఏనుగుల్ని కట్టేత్తావా?" అంది అతని భార్య రత్న, పెనం మీద చోడి రొట్టె తిరగేస్తూ. "రెండంగుళాలు, సన్న ఇసకతో నున్నగా. పైన ఎర్ర రంగు. వచ్చినోళ్లకి కాలు పెడితే హాయిగా ఉండాల."

"సిమెంటు ఎంత పోత్తే అంత సలి," అంది అతని తల్లి బుదరి, రొట్టె కోసం చెయ్యి చాపుతూ. "ఒక్కంగుళం సాలు. దాని మీద నేను పేడతో అలుకుతాను."

ఈ తగవులో అసలు విషయం మందం కాదు. చలికాలం మంచు చూడడానికి పట్నం జనం జీపులెక్కి చింతపల్లి కొండలకి రావడం మొదలయ్యాక, ఇంటి పక్కన కట్టిన కొత్త గదిని అతిథులకి ఇవ్వాలని రత్న పట్టుబట్టింది. కాఫీ, మిరియాల బస్తాలు పెట్టుకుందామని సర్వేశ్వరరావు కట్టించిన గది అది. అందుకే అతని నాలుగంగుళాల్లో బస్తాల బరువు ఉంది, ఆమె రెండంగుళాల్లో మనుషుల పాదాలున్నాయి. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మొదటిసారి వచ్చినవాళ్లు మెచ్చుకుంటే గది రత్నది. ముఖం ముడుచుకుని వెళితే ఆ రోజే బస్తాలు లోపలికి. మందం సంగతి మాత్రం ఒప్పందంలో చేర్చడం ఇద్దరూ మరిచిపోయారు.

గచ్చు వేయవలసినవాడు భీముడు, సర్వేశ్వరరావు చిన్నాన్న కొడుకు. చుట్టుపక్కల ఊళ్లలో కాఫీ గింజలు ఆరబోసుకునే సిమెంటు కళ్లాలన్నీ అతను వేసినవే. అతనికున్న బలహీనత ఒక్కటే, ఎవరి చేతి కూడు తింటే వారి మాట కాదనలేడు. ముందురోజు సాయంత్రం సర్వేశ్వరరావు అతన్ని జీలుగు చెట్టు దగ్గరికి తీసుకెళ్లి కల్లు పోసి, "నాలుగు," అని చెవిలో చెప్పాడు. పొద్దున్నే బుదరి అంబలి ఇచ్చి ఒక వేలు చూపించింది. రత్న నాటుకోడి కూర వండి పెట్టి, "ఆళ్లిద్దరి మాటా ఇనకు. రెండే," అంది. ముగ్గురికీ భీముడు తల ఊపాడు. ఆ తర్వాత ముగ్గురూ సంతకి వెళ్లారు, ఎవరికి వారు గెలిచామనుకుంటూ.

వాళ్లు తిరిగొచ్చేసరికి గచ్చు తడి గోనెసంచుల కింద ఉంది. గచ్చు గట్టిపడేదాకా సంచులు తీయవద్దని, రోజూ తడపమని చెప్పి భీముడు వెళ్లిపోయాడు. ఎక్కడ నీళ్లు పోసినా గడప దగ్గరికే వచ్చి చేరుతున్నాయని బుదరి సణిగింది.

"గచ్చు బాగుంటే నీళ్లు తాగదమ్మా," అన్నాడు సర్వేశ్వరరావు, నాలుగంగుళాల ధీమాతో.

అతిథులు వచ్చే రోజు పొద్దున రత్న అనుకున్న పనులు ఎక్కువేం కాదు. సంచులు తీసి గది కడగాలి, సంతలో కొన్న ఇనప మంచం బిగించాలి, టీ పెట్టాలి. కాళ్లకి చిన్న చక్రాలున్న మంచం అది. ఊళ్లో అలాంటిది ఇంకెవరికీ లేదు.

మొదట, ముందురోజే వడ్రంగి బిగించి వెళ్లిన తలుపు మొండికేసింది. లోపలికి తెరుచుకునే ఆ తలుపు సగం దాకా వచ్చి గచ్చుకి రాసుకుని ఆగిపోయింది. "వడ్రంగోడు కొలత తప్పాడు," అని సర్వేశ్వరరావు పక్కవాటుగా లోపలికి దూరి, మంచం ముక్కలు ఒక్కొక్కటే అందుకుని బిగించాడు. ఆఖరి బోల్టు బిగించి చేతులు దులుపుకున్నాడు. మంచం కదిలింది. తొందరేమీ లేకుండా, పని మీద వెళ్తున్న మనిషిలా గడప వైపు నడిచి, తలుపుకి తగిలి దాన్ని మూసేసింది.

"రత్నా, తలుపు తొయ్యి," లోపలి నుంచి సర్వేశ్వరరావు గొంతు వినిపించింది.

"ఏదో అడ్డుంది."

"మంచమే. ఆగు, ఎనక్కి లాగుతాను. ఆ, ఇప్పుడు తొయ్యి."

రత్న తోసింది. తలుపు సగం తెరుచుకుంది. బయటికి రావడానికి సర్వేశ్వరరావు మంచం వదిలాడు. అతని కంటే ముందు మంచం వచ్చింది. తలుపు మూసుకుంది.

"ఎందుకు వదిలేవు?"

"మంచాన్ని ఎత్తుకుని రమ్మంటావేటి?"

"ఒరే, లోపల నువ్వొక్కడివే ఉన్నావా?" అని బుదరి అనుమానంగా అడిగింది.

అప్పుడే భీముడు ఉతికిన చొక్కా వేసుకుని పట్నం వాళ్లని చూడడానికి వచ్చాడు.

"ఏటి సేసేవు భీముడూ గదిని?" అంది రత్న.

"మీరు సెప్పినట్టే సేసేను వదినా. పెద్దమ్మ ఎండకి గడప దగ్గరే కూకుంటాది కదా, అక్కడ ఒకటి. నువ్వు మజ్జిని మంచం ఏత్తానన్నావు, అక్కడ రెండు. అన్న బస్తాలు ఎనక గోడకే పేరుత్తాడు, అక్కడ నాలుగు. ఎవుల మాటా తీసెయ్యనేదు," అన్నాడు భీముడు తృప్తిగా. "ఎన్ని నీళ్లయినా పోసి సూడు, ఒక్క సుక్క నిలవదు."

అతనికి తెలిసిన గచ్చు అదే. కళ్లానికి వాలు లేకపోతే ఒక్క వానకి కాఫీ అంతా పాడవుతుంది. గదికి వాలు ఉండకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. అందరూ మందమే చెప్పారు.

తలుపు వెనక మంచం కిర్రుమంది. తర్వాత, "ముగ్గురం సెప్పామా?" అని సర్వేశ్వరరావు మెల్లగా అడిగాడు.

జవాబు వచ్చేలోపు రోడ్డు మీద జీపు హారను వినిపించింది. సర్వేశ్వరరావు హడావిడిగా మంచాన్ని వెనక్కి లాగి, దానికి గడప వైపున్న రెండు చక్రాలూ పీకేశాడు. మంచం ఆగింది. కానీ గోడ వైపు చక్రాలు అలాగే ఉండడంతో అప్పటిదాకా ఒరిగినదానికి రెట్టింపు ఒరిగింది.

అనకాపల్లి నుంచి వచ్చిన అతిథులు భార్యాభర్తలు. ఆయన పేరు దేవీప్రసాద్, ఆవిడ వెంకటలక్ష్మి. సగం తలుపులోంచి పక్కవాటుగా లోపలికి వచ్చి ఆయన మంచం మీద కూర్చున్నాడు, కూర్చుని కొద్దిగా జారాడు. ముక్కాలిపీట మీద రత్న పెట్టిన గ్లాసులో టీ ఒక పక్క అంచు దాకా ఉంది, ఇంకో పక్క లేదు. ఆయన దాన్ని శ్రద్ధగా చూశాడు.

"నేను ఇంజనీరుగా రిటైరయ్యానమ్మా. సర్వీసంతా బిల్డింగులు కట్టించడమే," అన్నాడు.

రత్న గ్లాసు ఇటు తిప్పి పెట్టింది, టీ మాత్రం అటే ఒరిగింది. సర్వేశ్వరరావు ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉంటే గది అతనిదయ్యేదే. కానీ పెళ్లాం మొహం చూశాక నోరు దానంతటదే తెరుచుకుంది. ఆమెని వెక్కిరించే హక్కు తనదే కాని, జీపు దిగి వచ్చినవాళ్లది కాదని అతని లెక్క.

"మా కొండల్లో గదులన్నీ ఇలాగే కడతాం సార్. తాతల నాటి నుంచీ పద్ధతే ఇది."

"మా తాత ఇల్లు ఇలాగ నేదే," అంది బుదరి.

"అమ్మకి మతిమరుపు సార్."

దేవీప్రసాద్ ముఖం వెలిగిపోయింది. "అన్ని ఇళ్లూ ఇలాగేనా? నేనెక్కడా చదవలేదే. సాయంత్రం నాలుగిళ్లు చూపిస్తారా?"

అలా ఒక అబద్ధం ఊరు మొత్తం తిరగవలసి వచ్చింది. దేవీప్రసాద్ నీళ్ల సీసా పట్టుకుని వెళ్లి, ప్రతి ఇంట్లో దాన్ని నేల మీద పడుకోబెట్టాడు. మొదటి ఇంట్లో సీసా కదల్లేదు. "వీళ్లు కొత్తగా వచ్చి కట్టుకున్నోళ్లు సార్," అన్నాడు సర్వేశ్వరరావు. రెండో ఇంట్లోనూ కదల్లేదు. "వీళ్లు అవతలి కొండోళ్లు సార్. ఆళ్ల పద్ధతి వేరు." పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పక్కింట్లోనే ఉన్న ఆ ఇంటాయన ఈ మాట విని నోరు తెరిచాడు. మూడోది భీముడి ఇల్లు, తన చేత్తో తనే కట్టుకున్నది. సీసా గది దాటి, వసారా దాటి, వీధిలో పడుకున్న కుక్కకి తగిలి ఆగింది.

"ఇదీ అసలైన పద్ధతి సార్," అన్నాడు సర్వేశ్వరరావు, చెమట తుడుచుకుంటూ.

దేవీప్రసాద్ వంగి సీసా తీసుకుని, భీముడి చేతులకున్న సిమెంటు వైపు ఒకసారి చూసి, వెనక్కి నడిచాడు. రాత్రి భోజనం దగ్గరా గచ్చు మాట ఎత్తలేదు. తిట్టే మనిషైతే సర్ది చెప్పుకోవచ్చు, ఊరుకున్న మనిషిని ఏం చేయగలం? గిన్నెలు కడుగుతూ రత్న ఆ గదిలో ఎన్ని బస్తాలు పడతాయో లెక్క వేసుకుంది. ఆ లెక్కలో మంచానికి చోటు మిగల్లేదు.

తెల్లవారింది. మంచు విడిపోయి కాఫీ తోటల మీద ఎండ పడింది. మంచు చూడడానికి వచ్చిన వెంకటలక్ష్మి మాత్రం ఇంకా లేవలేదు. దేవీప్రసాద్ ఒక్కడే గది ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అమ్మగారికి ఒంట్లో బాగులేదా సార్?" రత్న భయపడుతూ అడిగింది. "మంచం మీంచి గాని..."

"పడుకుంది," అన్నాడు ఆయన, నమ్మలేనట్టు. "ఇంకా పడుకునే ఉంది."

బాగా పొద్దెక్కాక సగం తలుపులోంచి వెంకటలక్ష్మి బయటికి వచ్చింది. జుట్టు చెదిరిపోయి ఉంది, ముఖం మాత్రం తేటగా ఉంది.

"ఇంత నిద్ర పోయి ఎన్నేళ్లయిందో అమ్మా," అంది రత్న చెయ్యి పట్టుకుని. "పడుకుంటే చాలు గొంతులోకి మంట ఎగదన్నుకొస్తుంది నాకు. తలవైపు ఇలాగే ఎత్తుగా పెట్టుకోమన్నాడు డాక్టరు. ఈయన మంచం కోళ్ల కింద ఇటికలు పెడతారు, అర్ధరాత్రి అవి జారి మంచం ధబేలుమంటుంది. అంత పెద్ద ఇంజనీరు, ఒక్కరోజు కుదిరితే ఒట్టు."

దేవీప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "సర్వేశ్వరరావుగారూ, మీ పద్ధతి తాతల నాటిది కాదని నాకు నిన్ననే తెలిసింది. ఈ గచ్చు తవ్వించి మళ్లీ వేయించుకోండని పొద్దున్నే చెబుదామనుకున్నాను." భార్య వైపు చూశాడు. "ఇప్పుడు దీన్ని ముట్టుకోవద్దని బతిమాలుతున్నాను. ఆదివారం దాకా ఉంటాం. వచ్చే నెల మా వదినగారిని తీసుకొస్తాం, ఆవిడకీ ఇదే బాధ. ఇంతకీ మందం ఎంత?"

"నాలుగు," అన్నాడు సర్వేశ్వరరావు. "రెండు," అంది రత్న. "ఒకటే నాయినా," అంది బుదరి. ముగ్గురూ ఒకేసారి అన్నారు. ఆ ఇంట్లో ముగ్గురి మాటా ఒకేసారి నిజం కావడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఇంటివాళ్లంతా పొయ్యి చుట్టూ కూర్చుని తింటున్నారు. సర్వేశ్వరరావు అన్నం కలుపుతూ, కంచంలోంచి తల ఎత్తకుండా చెప్పాడు.

"బస్తాలు మన పడకగదిలో పెట్టేద్దాం. కొత్త గది రత్నది. రేపట్నుంచి మనందరం ఇక్కడే, వంటింట్లో పడుకుందాం."

వంటింటిది మట్టి నేల. దాని మందం ఎంతో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.