ఖాళీ కుర్చీలను నిషేధించాలి!

ఇల్లాలికి కీళ్లవాతం ఉండటం ఇంటికి వరం! నవ్వకండి. బాగా ఆలోచించే రాస్తున్నాను.

వాన కబురు కోసం ఫోన్ చూసుకోనక్కర్లేదు. ఆమె మణికట్టు వాచిందంటే మైపాడు తీరం మీదికి మబ్బు బయల్దేరినట్టే! మూత తిప్పడం ఆమె వల్ల కాదు కాబట్టి ఊరగాయ సీసా నెలల తరబడి నిండుగా ఉంటుంది! అన్నిటికన్నా ముఖ్యం, నొప్పితో ఉన్న మనిషి ఎక్కువ మాట్లాడదు. ఏ మగాడికైనా ఇంతకంటే ఏం కావాలి?

అలాంటి వరాన్ని మా ఇందుకూరుపేట వైపు ఒక కుర్చీ నాశనం చేసింది. బాధితుడు గిద్యోను గారు. రొయ్యల మేత దుకాణం యజమాని, మా చర్చి సంఘ పెద్ద. "అబ్బయా, డిగ్రీ చదివినోడివి. నా గోడు నువ్వన్నా పేపర్లో రాయి" అన్నారు. బాధ్యతగా రాస్తున్నాను.

ఆయన భార్య రెబెక్కమ్మ గారికి రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఆటోఇమ్యూన్ జబ్బు. అంటే ఒంటిని కాపాడాల్సిన కాపలాదారులే సొంత కీళ్ల మీద పడి కొట్టడం. ఏళ్లుగా ఉంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు! "ఎట్టుండావు రెబెక్కా?" అంటే "దేవుడి దయ, బాగుండా" అనేవారు. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే గిద్యోను గారు ఓ గుంపును భోజనానికి వెంటబెట్టుకొచ్చేవారు. ఆమె వాచిన వేళ్లతోనే చేపలకు పొలుసు గీకి, పులుసు పెట్టేవారు. అందరూ తిని, ఆయన పెద్ద మనసును మెచ్చుకుని వెళ్లేవారు.

ఎంత చక్కటి ఏర్పాటు!

మందులు వాడుతున్నా నొప్పి లొంగడం లేదని నెల్లూరు డాక్టరు ఆమెను కౌన్సిలర్ ప్రమీల మేడమ్ దగ్గరికి పంపారు. "మాత్రలు మానొద్దమ్మా. కానీ మింగేసిన కోపం, దుఃఖం కూడా నొప్పిని పెంచుతాయి. రోజూ ఓ ఖాళీ కుర్చీ ఎదురుగా వేసుకో. నిన్ను నొప్పించిన మనిషి అందులో ఉన్నట్టు అనుకుని, మనసులోది చెప్పేయ్" అన్నారట మేడమ్.

చదువుకున్నవాళ్ల అమాయకత్వం చూశారా! మా ఇళ్లలో కుర్చీ ఖాళీగా ఉంటుందా? వేసీ వేయకముందే ఎవరో ఒకరు కూర్చుని టీ అడుగుతారు! గిద్యోను గారింట్లో ఎవరూ కూర్చోని కుర్చీ ఒక్కటే. పాస్టరు అయ్యగారి కోసం తెల్ల తువాలు పరిచి ఉంచిన చేతుల కుర్చీ. రెబెక్కమ్మ గారు దాన్నే ముందుకు లాక్కున్నారు.

తలమీద కొంగు. మూసిన కళ్లు. చెంపల మీద కన్నీళ్లు. "ఒక్కసారన్నా నా మొర విన్నావా?" అంటున్నారు కుర్చీతో. గుమ్మంలో ఆగిన గిద్యోను గారి ఒళ్లు పులకరించింది. తన భార్య ప్రభువుతో ముఖాముఖి మాట్లాడుతోంది! పొంగిపోయి పక్కింటి ఫ్లోరాతో చెప్పారు. మర్నాడు రెబెక్కమ్మ గారు కళ్లు మూసుకోగానే ఆడవాళ్లంతా చప్పుడు లేకుండా వచ్చి వెనక చాపల మీద కూర్చున్నారు. గిద్యోను గారు గుమ్మంలో నిలబడ్డారు.

"నేను చెప్పకపోతే నా నొప్పి నీకు తెలీదా?"

"ఆమెన్!"

ఆమె కళ్లు తెరవలేదు. మద్దతు దొరికిందనుకున్నారేమో, గొంతు పెరిగింది.

"వారం వారం అంతమందిని ఎంటేసుకొస్తావే, వండే మనిషికి చేతులుండాయో లేవో చూసినావా?"

"ఆమె..." సగంలో ఆగింది ఫ్లోరా.

"తిన్న కంచం తియ్యవు. లుంగీ విడిచిన కాడే పారేస్తావు. పైగా పులుసులో ఉప్పు తక్కువంటావు!"

ప్రభువు లుంగీ కట్టడు. ఈ విషయంలో మా సంఘంలో ఎవరికీ సందేహం లేదు. తలలన్నీ గిద్యోను గారి వైపు తిరిగాయి.

"అన్నా," అంది ఫ్లోరా, "ఆ కుర్చీలో ఉండేది నువ్వే. పోయి కూసో. వదిన వట్టి కుర్చీని ఎందుకు తిట్టాల?"

ఆయన తువాలు అంచు మీద కూర్చున్నారు. రెబెక్కమ్మ గారు కళ్లు తెరిచారు. కుర్చీతో అంత మాట్లాడిన మనిషి, అందులో మొగుడు కనబడేసరికి కొంగు సర్దుకున్నారు. "బాగుండా" అనడానికి పెదవులు కదిలాయి కూడా. ఆ మాట వచ్చేసి ఉంటే గిద్యోను గారు బతికిపోయేవారు! పొరపాటున ఆయన చూపు ఆమె ఒళ్లోని చేతుల మీద పడింది. వేళ్లు ఒక పక్కకు వంగిపోయి ఉన్నాయి. ఎప్పుడు వంగాయో ఆయనకు తెలియదు.

"నొస్తా ఉండాదా?" అని అడిగేశారు.

"ఉండాది" అన్నారామె. "శానా."

ఆ ఒక్క మాటకు ఎంత నష్టం! పోనీ జబ్బు పోయిందా అంటే లేదు, మాత్రలూ ఆగలేదు. ఆమె మాత్రం కాస్త హాయిగా నిద్రపోతున్నారు. ఆదివారం భోజనాలు రద్దు. ఇంటికి సరిపడా చేపలకు గిద్యోను గారే పొలుసు తీస్తున్నారు. ముల్లు గుచ్చుకుంటే "అమ్మో" అని వీధి మొత్తానికీ వినబడేలా అరుస్తున్నారు. అంతకన్నా ఘోరం, ఇది పాకుతోంది! మర్యాదకు "బాగుండావా?" అన్న పాపానికి ఫ్లోరా మొగుడికి "లేదు. కూసో, చెప్తా" అని జవాబొచ్చిందట!

కాబట్టి ప్రభుత్వం ఖాళీ కుర్చీలను తక్షణం నిషేధించాలి. మేమేమీ రాతిగుండె వాళ్లం కాదు. ఆడవాళ్ల నొప్పిని ఇన్నేళ్లూ పల్లెత్తు మాట అనకుండా ఓర్చుకున్నవాళ్లం. మా ఓర్పుకు ఇదా ప్రతిఫలం?