ముప్పావు ప్రసాద్ కేకు పందెం

ఈశ్వరప్రసాద్ బుద్ధెరిగాక ఏ సినిమా ఆఖరూ చూడలేదు. హీరో వెళ్ళి విలన్ కాలరు పట్టుకోగానే లేచిపోయేవాడు. అందరికంటే ముందు స్టాండులోంచి స్కూటరు తీసుకోవాలి కదా! విలన్ చచ్చాడో బతికాడో మర్నాడు కొట్లో గుమస్తా దాలయ్య చెబితే తెలిసేది.

రాయగడ బజారులో చింతపండు, మిర్చి టోకు వ్యాపారం చేసే ఈ పెద్దమనిషి ఏ పనైనా అంతే చేస్తాడు. ఇంటి గేటుకి ముప్పావు వంతు రంగు వేయించాడు. మేడమెట్లు ముప్పావు దాకా కట్టించాడు, ఆ పైన ఎవరి ఎగురుడు వాళ్ళది. కాఫీ కూడా ముప్పావు గ్లాసు తాగి, "పంచదార వెయ్యడం మర్చిపోయేవా?" అని పెళ్ళాన్ని కసిరి, గ్లాసు పక్కన పెట్టేస్తాడు. అందుకే ఊళ్ళో తెలుగువాళ్ళంతా అతన్ని ముప్పావు ప్రసాద్ అంటారు. ఎదురుగా అనరు, పాపం.

భార్య జయంతిది వేరే తరహా. ఊరగాయ కలిపితే జాడీకి వాసెన కట్టేదాకా నడుం వాల్చని మనిషి. ఆవిడ ఓసారి ఎవరి పెళ్ళికో కొట్పాడ్ వెళ్ళి, అక్కడి నేతగాళ్ళ దగ్గర చెట్టువేళ్ళ ఎరుపు అద్దిన చీర కొనుక్కొచ్చింది. అది కట్టుకుని గుడికి వెళితే నలుగురు అడిగారు. పేరంటానికి వెళితే పదిమంది అడిగారు. జయంతికి కొట్టు పెట్టాలన్న కోరిక పుట్టింది. పుట్టినది ఊరుకోదు కదా, పెరిగింది.

"మన కొట్టుకి రెండు షట్టర్లున్నాయి కదండీ. రెండో దాన్లో కాళీ డబ్బాలు, ఎలకలు తప్ప ఏటీ నేవు. నాకిచ్చీండి, చీరలెడతాను" అంది.

"చింతపండు పక్కన చీరలా? పులిసిపోవూ?"

"మీ పక్కన ఇరవయ్యేళ్ళు కాపరం సేసేను. నేనేటి పులిసిపోయేనా?"

"మా వంశంలో ఆడోళ్ళు కొట్లో కూకోలేదే!"

"మీ వంశంలో మగోళ్ళు మెట్లు పూర్తిగా కట్టలేదు. అదీ ఆచారమేనా?"

ఇలా మూడు నెలలు సాగింది. ఈశ్వరప్రసాద్‌కి అన్నం సహించడం మానేసింది. ఆవిడ అడగడం ఆపదు, తను ఇవ్వడు. ఇవ్వకపోవడానికి కారణం ఒకటే. జయంతి కొట్లో కూర్చుంటే బేరం తనకంటే బాగా చేస్తుంది, ఆ సంగతి బజారంతా చూస్తుంది. ఈ కారణం బయటికి చెప్పుకునేది కాదు, అందుకని వంశాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

ఈ లోపల ఇంట్లోకి ఇంకొకటి వచ్చి ఉంది. జయంతి తమ్ముడు గిరీష్ ఓడలో పనిచేస్తాడు. మేనకోడలు బిందుశ్రీ కోసం సింగపూరు నుంచి టీవీకి తగిలించే ఆటల పెట్టె తెచ్చాడు. దానికి తోకల్లాంటి వైర్లతో నాలుగు రిమోట్లు. నలుగురూ తలొక బొమ్మని ఎంచుకుని, బొత్తం నొక్కి పాచిక వేసి, టీవీలో గళ్ళ మీద నడిపించాలి. మన అష్టాచెమ్మా ఫారిన్ వెళ్ళి ప్యాంటు తొడుక్కుని వచ్చిందన్నమాట. అందులో పటాలు చాలా ఉన్నాయి. ఒకటి అడవి, ఒకటి ఓడ, ఒకటి నాలుగంతస్తుల పుట్టినరోజు కేకు.

ఆ కేకు మీద మీగడ రోడ్డు, రోడ్డు పొడుగునా వెలుగుతున్న కొవ్వొత్తులు. కొవ్వొత్తి దగ్గరికి చేరగానే 'ఊదుతావా, వదిలేస్తావా' అని యంత్రం అడుగుతుంది. ఊదితే అది మీ సంచిలో పడుతుంది. ఇరవై వరసలు తిరిగేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు.

వేసవి సెలవుల్లో బిందుశ్రీ ఇంటిల్లిపాదికీ ఆట నేర్పింది. ఇంటిల్లిపాదిలో జయంతి తల్లి అమ్మన్నమ్మ కూడా ఉంది. ఆవిడ పార్వతీపురం నుంచి పది రోజులకని వచ్చి, ఆ పదో రోజు ఎప్పుడొస్తుందో ఎవరికీ చెప్పలేదు. గవ్వలాటలో ఆవిణ్ణి ఓడించినవాళ్ళు లేరు. అడవిలో గెలిచింది, ఓడలో గెలిచింది. కేకు దగ్గరే చిక్కొచ్చింది. మొదటి కొవ్వొత్తి దగ్గర మనవరాలు "ఊదు అమ్మమ్మా" అనగానే ఆవిడ రిమోటు విసిరికొట్టింది.

"దీపాన్ని నోటితో ఊదడమేటే అమ్మీ! కొంప కొండెక్కిపోదూ?"

అక్కడితో ఆట ఆగింది. కేకు ఆ ఇంట్లో నిషిద్ధమైంది. సెలవులు అయిపోయి పిల్ల విజయనగరం హాస్టలుకి వెళ్ళిపోయింది. పెట్టె మిగిలింది. ఈశ్వరప్రసాద్ బుర్రలో ఒక ఆలోచన కూడా మిగిలింది.

కేకు మీద పందెం వేస్తే అత్త ఊదదు. అందునా శుక్రవారం దీపాలవేళ అయితే తల్లి ఎదుట కూతురూ ఊదదు. ఇంక ఊదేదెవరు? తను! షట్టరు గొడవ తీరిపోతుంది. ఈ ఆలోచన వచ్చిన రోజు అతను తన భుజం తానే తట్టుకోబోతే చెయ్యి పట్టేసింది.

అయినా ఒళ్ళు దగ్గర పెట్టుకునే మనిషి కాబట్టి సాధన మొదలుపెట్టాడు. ఆడవాళ్ళిద్దరూ రోజూ మూడింటికి పక్కింటి బుల్లమ్మ ఇంట్లో పారాయణకి వెళతారు, నాలుగింటికి వస్తారు. సరిగ్గా ఆ వేళకి ఇతను దాలయ్యతో, "కకిరిగుమ్మలో గోవిందరావు దగ్గర సింతపండు బేరం ఉంది, ఎల్లొస్తా" అని చెప్పి, దొడ్డిదారిన ఇంట్లో దూరేవాడు. ఒక్కడే కూర్చుని యంత్రంతో ఆడేవాడు. పావుతక్కువ నాలుగుకి కట్టేసి, టీవీ మీద లేసు గుడ్డ కప్పి, పిల్లిలా జారుకునేవాడు. అప్పటికి ఇరవై వరసల్లో పదిహేను అయ్యేవి. లెక్క చూసుకోండి, ముప్పావే.

నెల తిరిగేసరికి ఏ గళ్ళో చెర్రీపండు జారుతుందో, ఏ గళ్ళో మీగడ పేలుతుందో అతనికి కంఠతా వచ్చేసింది. ఓ బుధవారం భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"జయంతీ, రోజూ ఈ దెబ్బలాటెందుకు? పందెం ఏద్దాం. శుక్కురారం సాయంత్రం, కేకాట. మీ తల్లీకూతుళ్ళలో ఎవరు గెల్సినా షట్టరు నీదే. నేను గెలిస్తే ఏడాది దాకా ఆ మాటెత్తకూడదు."

"యంత్రం గెలిస్తేనో?"

"షట్టరు యంత్రానికి."

జయంతి మజ్జిగ పోసింది. "సరేనండీ. కానీ ఒక షరతు. ఆట పూర్తిగా ఆడాల. మద్దిలో లేచి ఎల్లిపోకూడదు."

"ఓస్, అంతేనా!"

ఇంత తేలిగ్గా ఒప్పుకుందంటే అనుమానించాలి. ఈశ్వరప్రసాద్ అనుమానించడం కూడా మొదలుపెట్టాడు గాని, ముప్పావు దాకా వచ్చి ఆపేశాడు.

శుక్రవారం వచ్చింది. అమ్మన్నమ్మ తులసి దగ్గర దీపం పెట్టి, కళ్ళకద్దుకుని, టీవీ ముందు పీట వేసుకుంది. ఈశ్వరప్రసాద్ నక్కబొమ్మ తీసుకున్నాడు. జయంతి బాతుని తీసుకుంది. అమ్మన్నమ్మ ఏనుగుని తీసుకుని, విఘ్నేశ్వరుడని ముందు దణ్ణం పెట్టింది. నాలుగో బొమ్మ పిల్లి, అది యంత్రానిది.

"ఆగండి బాబూ. కేకులో గుడ్డుంటాది కదా?" అంది అమ్మన్నమ్మ.

ఈశ్వరప్రసాద్ ప్రాణం లేచొచ్చింది. అత్త అసలు ఆటలోంచే తప్పుకునేలా ఉంది. "ఉంటాదత్తయ్యా! నాలుగంతస్తుల కేకు కదా, తక్కువలో తక్కువ రెండొందల గుడ్లు!"

ఆవిడ టీవీ దగ్గరికి వెళ్ళి ఏనుగుని కిందనుంచి పైదాకా చూసింది. "పర్లేదులెండి. ఏనుక్కి బూట్లున్నాయి" అని వచ్చి కూర్చుంది.

ఆట మొదలైంది. నక్క మొదటి కొవ్వొత్తి దగ్గరికి ఉరికింది. ఈశ్వరప్రసాద్ బొత్తం నొక్కడంతో ఊరుకోక, ఊపులో నోటితో కూడా "ఉఫ్" అని ఊదాడు. కొవ్వొత్తి సంచిలో పడింది. ఏనుగు రెండో కొవ్వొత్తి దగ్గరికొచ్చింది. అమ్మన్నమ్మ రెండు చేతులూ జోడించి, "శివశివా, వదిలేస్తన్నాను" అంది. బాతు కూడా వదిలేసింది. "అమ్మ ముందు, శుక్కురారం పూట, నేనూదలేనండీ" అంది జయంతి దిగులుగా.

ఇంక అతన్ని పట్టుకునేవాళ్ళు లేరు. రెండూ, మూడూ, నాలుగూ ఊదాడు. అయిదోదానికి కుర్చీ మీద నుంచి లేచాడు. ఆరోదానికి కుర్చీ ఎక్కాడు. ఏడోదానికి రిమోటు వైరు కాలికి చుట్టుకుని, కాఫీ గ్లాసు దొర్లి, కాఫీ అత్తగారి పీట కిందకి పారింది. ఆవిడ పీటతో సహా ఓ జానెడు జరిగి, మళ్ళీ చేతులు జోడించి, "శివశివా, ఇదీ వదిలేస్తన్నాను" అంది.

ఆ గందరగోళంలో గుమ్మంలో దాలయ్య ప్రత్యక్షమయ్యాడు. "బాబూ, కకిరిగుమ్మ నుంచి గోయిందరావుగారు ఫోన్ సేసేరు. నెల్లాళ్ళయింది, బాబు మా గుమ్మం తొక్కలేదు, ఒంట్లో బాగోలేదేటని అడుగుతన్నారు. మరి తవరు రోజూ ఎల్తన్నారు కదా బాబూ?"

నక్క మీగడలో కాలు జారి పడింది. ఈశ్వరప్రసాద్ చెమట తుడుచుకున్నాడు. జయంతి టీవీ మీంచి చూపు తిప్పలేదు. "కూకో దాలయ్యా. ఆట అవ్వనీ. అన్నీ వరసలో తెలుస్తాయి."

పదిహేనో వరస దాటింది. అక్కడినుంచి ఈశ్వరప్రసాద్‌కి అంతా కొత్త ఊరే. అయినా భయపడాల్సినంత ఏమీ కనబడలేదు. ఇరవయ్యో వరస పూర్తయ్యేసరికి నక్క సంచిలో పదకొండు కొవ్వొత్తులున్నాయి. పిల్లికి నాలుగు. ఏనుగుకి సున్నా, బాతుకి సున్నా.

"అయిపోయింది!" అని కేకవేసి, అలవాటు కొద్దీ లేచి, జేబులో స్కూటరు తాళం తడుముకుంటూ, టీవీ కట్టెయ్యబోయాడు.

"కూకోండి. షరతు మర్చిపోయేరా? ఇంకా అవ్వలేదు" అంది జయంతి.

"ఇంకేటుందే?"

టీవీలో దీపాలన్నీ తగ్గాయి. కేకు పై అంతస్తులోంచి తెల్లటోపీ వంటవాడు ఒకడు బయటికొచ్చి, నడుం వంచి దణ్ణం పెట్టి, ఇంగ్లీషులో ఏదో అన్నాడు. జయంతి తాపీగా అర్థం చెప్పింది.

"అందరికంటే ఎక్కువ కొవ్వొత్తులు ఊదకుండా వదిలిన మంచిమనిషికి, వదిలినవాటికి రెట్టింపు బహుమానం అంటన్నాడండీ. అమ్మ ఏడొదిలింది."

ఏనుగు సంచిలో కొవ్వొత్తులు టపటపా రాలడం మొదలెట్టాయి. పద్నాలుగు దగ్గర ఆగాయి. ఏనుగు ఎర్రబూట్లతో ఎగిరెగిరి నాట్యం చేసింది. దాలయ్య చప్పట్లు కొట్టి, యజమాని మొహం చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈ... ఈ వంటోడెప్పుడొచ్చేడు?" అన్నాడు ఈశ్వరప్రసాద్ నీరుగారిపోతూ.

"రోజూ వొస్తాడు, ఆఖర్లో. మీరే ఉండరు." జయంతి ఏదో బొత్తం నొక్కింది. టీవీలో రికార్డుల పేజీ వచ్చింది. "ఇదిగో సూడండి. కేకాట. ఆడినోడు ఈ.పి. ఇవాల్టిది కాక మొదలెట్టినవి ముప్పయ్యొకటి, పూర్తి చేసినవి సున్నా. పారాయణ నుంచి వొచ్చి టీవీ మీద సెయ్యేస్తే పెనంలా కాల్తంది. లేసు గుడ్డేమో తిరగేసి ఉంది. ఏటా అని పెట్టె తెరిస్తే మీ జాతకం బయటపడింది. మీరు పొద్దున్న కొట్టుకెళ్ళేక అమ్మా నేనూ కూకుని రోజుకొకాట ఆడేం. ఆఖరుదాకా."

"మరి షట్టరు తాళం..." అని గొణిగాడు ఈశ్వరప్రసాద్.

జయంతి కొంగుముడి విప్పి చూపించింది. "పొద్దున్నే తీసుకున్నానండీ. కొట్పాడ్‌కి కబురు కూడా ఎల్లిపోయింది."

అంతలో కరెంటు పోయింది. రోజూ పోయే వేళకే పోయింది, దాన్ని తప్పు పట్టలేం. జయంతి కొవ్వొత్తి వెలిగించి టీపాయి మీద పెట్టి, వేరే గ్లాసుతో కాఫీ తెచ్చిచ్చింది. ఆ వెలుతురులో ఈశ్వరప్రసాద్ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. పోనీలే, తను ఓడింది పెళ్ళానికి కాదు, అత్తగారి భక్తికి. ఎంత నిష్ఠ! ఆటబొమ్మలో దీపం కూడా ఊదలేదు. అలాంటి మనిషి ముందు ఓడిపోతే పరువేం పోదు. అతనికి నిజంగానే గుండె తేలికపడింది, ఆవిడ మీద గౌరవం కూడా కలిగింది.

కరెంటు వచ్చింది. అమ్మన్నమ్మ పీట మీంచి వంగి, నోరు సున్నాలా చుట్టి, "ఉఫ్!" అని కొవ్వొత్తి ఆర్పేసింది.

ఈశ్వరప్రసాద్ పొగ వేస్తున్న ఒత్తికేసి వేలు చూపించాడు. "అత్తయ్యా! దీపం... నోటితో... శుక్కురారం..."

"ఇది దీపమేటి బాబూ? నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను గానీ, మైనపొత్తి. దీపమంటే నూనుండాల, వొత్తుండాల, దేవుడుండాల."

"మరి ఆటలో శివశివా అని వదిలేసేరు?"

"ఆటలో ఊదేస్తే మా అమ్మికి షట్టరెలాగొస్తాది బాబూ?" అంది అమ్మన్నమ్మ ఎంతో మర్యాదగా.

దాలయ్య దగ్గు వచ్చినట్టు నటిస్తూ వీధిలోకి నడిచాడు. ఈశ్వరప్రసాద్‌కి చేతిలో కాఫీ గ్లాసు గుర్తొచ్చింది. తాగడం మొదలుపెట్టాడు. తాగుతూ తాగుతూ ముప్పావు దాటిపోయిన సంగతి కూడా గమనించకుండా, పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో మొదటిసారి, గ్లాసు అడుగుదాకా తాగేశాడు.

పంచదారంతా అడుగునే ఉంది.